నాయనకు మిగిలిన ఒక్క మాట

మొన్న ఆదివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు స్నేహలత వాళ్ళింట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. గుంటూరు నుంచి వచ్చి ఈ బెంగళూరు మహదేవపురలో ఉద్యోగాలు చేసుకుంటున్న జంట. బాబుకు డెంగ్యూ వచ్చి, భయపెట్టి, తగ్గింది. దేవునికి కృతజ్ఞత చెప్పుకుందామని తెలిసినవాళ్ళందరినీ పిలిచారు. సోఫాలు గోడవారకు జరిపి దుప్పట్లు పరిచారు, ఒక కుర్రాడు గిటారు శ్రుతి చేసుకుంటున్నాడు, వంటింట్లోంచి బిర్యానీ వాసన ప్రార్థనకంటే ముందే హాల్లోకి వచ్చి కూర్చుంది. నా పక్కన ఊరినుంచి వచ్చిన స్నేహలత మామగారు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ప్రార్థన మధ్యలో ఆయన గొంతు ఎండినట్టుగా, మెల్లగా, "స్తోత్రం" అన్నాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళు తెరిచి గ్లాసును చూశాడు, నన్ను చూశాడు, పెద్దమనిషి కాబట్టి మాట్లాడకుండా తాగేశాడు.

తర్వాత స్నేహలత నా దగ్గరికొచ్చి, "ఆంటీ, మామయ్యగారు వాటర్ అడిగారా?" అంది. అడిగినట్టే వినిపించిందమ్మా అన్నాను. ఆ పిల్ల నవ్వింది. అరవై దాటిన మనిషి, చెవులు పోతున్నాయి పాపం అనుకుని ఉంటుంది. నా చెవులకేం, ఇనుపగుండ్లు. మా ఇంట్లో ఒకప్పుడు ఆ మాటకు మంచినీళ్ళనే అర్థం. పక్కకు తిప్పమని కూడా అర్థం, ఫ్యాను ఆపమని అర్థం, ఇక వెళ్ళిపొండి అని అర్థం. ఇంత సంగతి బిర్యానీ ప్లేటు పట్టుకుని నిలబడి చెప్పగలిగేది కాదు.

అప్పట్లో మాకు చిక్కపేట వెనక ఒక సందులో రెండు గదుల ఇల్లు ఉండేది. పొద్దున్నే వీధి మొగలో కాఫీ గింజలు వేయించే వాసన వచ్చేది, తొమ్మిదయ్యేసరికి దాన్ని తోసేసి కొత్త బట్టల గంజి వాసన వచ్చేది, రాత్రి అంగళ్ళు మూశాక మురుగుకాలువ వాసన వచ్చేది. మా నాయన చీరల హోల్‌సేల్ అంగడిలో సేల్స్‌మన్. తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మడత విప్పి ఒక్క విదిలింపు విదిలిస్తే చీర అంగడి గుమ్మందాకా పరుచుకునేది. "రాండక్కా, చూసేదానికి దుడ్లు అడగము" అని తెలుగులో మొదలుపెట్టి, వచ్చినవాళ్ళ ముఖం చూసి కన్నడంలోకో తమిళంలోకో ఉర్దూలోకో దూకేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, మా నాయన విషయంలో అది అక్షరాలా నిజం. హిందూపురం నుంచి చేతిసంచితో వచ్చిన మనిషి, నోటి బలంతో బెంగళూరులో నిలదొక్కుకున్నాడు. ఇంటికి వచ్చాక కూడా ఆ నోటికి సెలవు ఉండేది కాదు. అన్నం తింటూ ఆ రోజు వచ్చిన బేరగాళ్ళందరినీ అనుకరించి చూపించేవాడు, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

అమ్మ పేరు రూతమ్మ, తాతలనాటి నుంచీ గుడికి, అంటే చర్చికి, వెళ్ళే కుటుంబం. నాయన పెళ్ళి కోసం బాప్తిస్మం తీసుకున్న మనిషి. "ఒకసారి నీల్లల్లో మునిగితి, జలుబు చేసె, సాలు" అని తర్వాత గుడి ముఖం చూసేవాడు కాదు. క్రిస్మస్‌కు మాత్రం కొత్త చొక్కా వేసుకుని వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. మా తెలుగు సంఘం చిన్నది. స్త్రీల కూటానికి పెద్ద ఎస్తేరవ్వ. ఆమె ప్రార్థన మొదలుపెడితే ముక్క ముక్కకూ ఒక స్తోత్రం పడాల్సిందే. ఆదివారం మేము ఇంటికి వచ్చేసరికి నాయన వరండాలో పడుకుని ఉండేవాడు. మమ్మల్ని చూడగానే ఎస్తేరవ్వ గొంతు పెట్టి, "వంకాయ కూర చేసినాము, స్తోత్రం! ఉప్పు మరిసినాము, స్తోత్రం! ఐనా మొగుడు తినినాడు, స్తోత్రం!" అనేవాడు. ఆ చివరి స్తోత్రాన్ని ముక్కులోంచి సాగదీసేవాడు. అమ్మకు కోపం వచ్చేది, నవ్వూ వచ్చేది. "ఒక దినం ఆ మాట నిజంగా అంటావు చూడు" అనేది. ప్రతి రాత్రీ ఆమె చేసే ప్రార్థన అదేనని నాకు తెలుసు, నా పక్కనే మోకరించేది కదా.

ఇక్కడ పిడికెడు బియ్యం గురించి చెప్పాలి. మా సంఘంలో ఏ ఇంట్లో అన్నం వండినా, కడిగే ముందు పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవాళ్ళు. మా ఇంట్లో దానికొక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. ఆదివారం ఆడవాళ్ళందరూ తెచ్చి గుడిలో ఒక పెద్ద గంపలో పోసేవాళ్ళు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషను బియ్యం, ఒకరిద్దరివి ఉప్పుడు బియ్యం, అన్నీ అందులో కలిసిపోయేవి. ఆ నెల ఎవరింట్లో కష్టం ఉంటే వాళ్ళింటికి ఆ గంప వెళ్ళేది. ఆ బియ్యం వండటం మాత్రం ఎవరి తరమూ కాదు. సన్నవి ముద్దవుతుంటే దొడ్డువి పలుకుగానే ఉండేవి. ఎసరు ఎంత పెట్టినా ఒకటే గతి. మేము చాలాకాలం ఆ గంపలో పోసినవాళ్ళమే, దాంట్లోంచి తినవలసి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

నాయనకు పక్షవాతం అంగడిలోనే వచ్చింది. చీర విప్పుతూ విప్పుతూ పక్కకు ఒరిగిపోయాడట. హమాలీలు బట్టల మూటలు దించేసి తోపుడు బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పోయాయి. ఆసుపత్రిలో ఇంతకంటే చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. వరండాలోని నులకమంచాన్ని లోపలి గదిలోకి మార్చాము. అంత మాటకారి మనిషి నోరు ఒకపక్కకు వంగి, మా ముఖాలు చూస్తూ పడుకుని ఉంటే ఇంట్లో గోడ గడియారం చప్పుడు కూడా వినిపించేది, అంతకుముందు ఎప్పుడూ వినిపించలేదు. నాకు దుఃఖం కంటే భయం ఎక్కువగా ఉండేది. బడి నుంచి వచ్చి గుమ్మంలో కాసేపు నిలబడి, ధైర్యం చేసి లోపలికి వెళ్ళేదాన్ని.

ఒక ఉదయం అమ్మ గంజి తాగిస్తోంది. నాయన ఎడమచేత్తో చెంచాను నెట్టేసి, స్పష్టంగా, "స్తోత్రం" అన్నాడు. అమ్మ చేతిలో గిన్నె అలాగే నిలిచిపోయింది. మళ్ళీ అన్నాడు, "స్తోత్రం!" ఆమె నేల మీద మోకాళ్ళూని, ఏడ్చి, లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి పరుగెత్తింది. "అవ్వా, మాట వచ్చింది! స్తోత్రం అన్నాడు! నోరు తెరిస్తే మొదటి మాట స్తోత్రం!" ఎస్తేరవ్వ చేటలో చెరుగుతున్నవి పక్కన పడేసి వచ్చింది. సాయంత్రానికి ఇల్లు నిండిపోయింది. పాస్టరు అయ్యగారు వచ్చారు, ఆయన భార్య వచ్చింది, క్రిస్మస్‌కు తప్ప మా గడప తొక్కనివాళ్ళు వచ్చారు. నాయన అందరినీ చూసి మంచం పట్టెమీద ఎడమచేత్తో కొడుతూ స్తోత్రం, స్తోత్రం అన్నాడు, ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. చూసినవాళ్ళందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. వెక్కిరించిన నోటితోనే దేవుడు ఆ మాట పలికించాడని అయ్యగారు అన్నప్పుడు మా ఇంటికి ఏదో గొప్ప మర్యాద జరిగినట్టనిపించింది.

ఆ రోజు ఆయన గంజిలో ఉప్పు లేదని చెప్తున్నాడు. అది మాకు వారం తర్వాతగాని అర్థం కాలేదు. దాహమేసినా స్తోత్రమే, ఈగ ముక్కుమీద వాలినా స్తోత్రమే. ఇంకే మాటకు ప్రయత్నించినా అదే వచ్చేది. ఆయనకే తెలిసేది తను అనుకున్నది రాలేదని. కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి పట్టి, మళ్ళీ ప్రయత్నించేవాడు. మళ్ళీ అదే. నాలుగు భాషలు మాట్లాడిన మనిషికి దేవుడు మిగిల్చింది అదొక్కటి. ఎందుకు అదే మిగిలిందో డాక్టర్లు ఏదో చెప్తారు. వెక్కిరింపుకోసం అన్నిసార్లు అన్నాడు కాబట్టి నాలుకకు అలవాటై ఉంటుందని నేను అనుకుంటాను.

సందర్శకులు మాత్రం ఆగలేదు. ఒక మధ్యాహ్నం స్త్రీల కూటం మొత్తం మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేస్తోంది. నాయన స్తోత్రం అన్నాడు, వాళ్ళందరూ స్తోత్రం అన్నారు. ఆయన ఇంకా గట్టిగా అన్నాడు, వాళ్ళు ఇంకా గట్టిగా అందుకున్నారు. ఆయన అరిచాడు, వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆయన ముఖం గోడవైపు తిప్పుకుని అరవడం మానేశాడు. పక్క తడిసిపోయింది. అమ్మ కళ్ళు తెరిచి చూసి, ఎవరికీ కనబడకుండా దుప్పటి కప్పి, ప్రార్థన అయ్యేదాకా చేతులు జోడించుకుని నిలబడింది. వాళ్ళు వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర పిడికెడు బియ్యం గంప పెట్టి వెళ్ళారు. ఆ సాయంత్రం అమ్మ నాయనకు ఒళ్ళు తుడిచి, అదే బియ్యం పొయ్యి మీద పెట్టి, దాని ముందు కూర్చుని చాలాసేపు కదల్లేదు. ఆ మాట స్తోత్రం కాదని చెబితే ఆ గంప రావడం ఆగిపోతుందేమో. చెప్పకపోతే రోజూ ఆయనకు ఇదే అవమానం. వీటికి తోడు ఆమెకు ఇంకొక కష్టం ఉంది. అన్నేళ్ళు మోకరించి అడిగింది ఆ మాటనే కదా, దొరికినదాన్ని కాదని తన నోటితో ఎలా చెప్పడం?

కోతల పండుగ వచ్చింది. చిక్కపేటలో కోసే పంట ఏముంది, బట్టల తానులు తప్ప! అయినా అందరూ అరటిగెలలు, గుమ్మడికాయలు, పెరట్లో కాసిన మునగకాయలు తెచ్చి గుడి ముందు పేర్చేవాళ్ళు. అది కృతజ్ఞత చెప్పుకునే రోజు, మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. నాయనను తప్పకుండా తీసుకురావాలని అయ్యగారు పట్టుబట్టారు. కుర్చీతో సహా మోసుకెళ్ళి మైకు ముందు కూర్చోబెట్టారు. కొత్తగా కొన్న మైకు, కీచుమంటోంది. నాయన ఒకసారి స్తోత్రం అన్నాడు. గుడి మొత్తం మారుమోగింది. రెండోసారి ఆయన తల పట్టుకుని అన్నాడు. ఇంకా మారుమోగింది. మూడోసారి అన్నప్పుడు అమ్మ వైపు చూశాడు.

అమ్మ ఆడవాళ్ళ వరసలోంచి లేచింది. "అయ్యగారూ, ఆయనకు తలనొప్పిగా ఉండాది. ఇంటికి పోదామంటాండాడు" అంది. అయ్యగారికి అర్థం కాలేదు. "ఆ మాట స్తోత్రం కాదు అయ్యగారూ. ఆయనకు అదొకటే వస్తాది. నీల్లకూ అదే, నొప్పికీ అదే. మీ అందరి బియ్యం తింటా ఉండాము, మీకు అబద్ధం చెప్పలేను." అంతే అని, కూర్చోకుండా అలాగే నిలబడింది. నాకు నేలలోకి కుంగిపోదామనిపించింది.

ఎస్తేరవ్వ బెంచీ పట్టుకుని మెల్లగా లేచింది. "కాకపోతే ఏమాయె? నేను మోకాల్ల నొప్పితో లేస్తా కూడా స్తోత్రమే అంటాను. మనమందరమూ ప్రతిసారీ పరలోకం చూసే అంటాండామా ఏంది? ముందు ఆ మైకు ఆపండప్పా, మనిషికి తల నొస్తాండాదంట. రిక్షా పిలవండి" అంది. అయ్యగారు ముఖం చిన్నబుచ్చుకున్నా తనే వెళ్ళి మైకు ఆపారు. అంత మంచి సాక్ష్యం పోయిందని కొందరికి నిజంగా బాధ కలిగింది, వాళ్ళు తర్వాత మా ఇంటికి రాలేదు. అమ్మ వాళ్ళ మీద ఒక్క మాట అనలేదు. ఆ తర్వాతి ఆదివారం గంప మాత్రం ఎప్పటిలాగే వచ్చింది.

ఆ తర్వాతే మాకు సంఘమంటే ఏమిటో తెలిసింది. ఎస్తేరవ్వ వచ్చి మంచం పక్కన పీట వేసుకునేది. నాయన స్తోత్రం అంటే, "నీల్లా అప్పా? గాలా? పక్కకు తిప్పాల్నా?" అని ఒక్కొక్కటీ అడిగేది. సరైనది వచ్చినప్పుడు ఆయన రెప్పలు వాల్చేవాడు. కొన్నాళ్ళకు అడగాల్సిన పని కూడా తగ్గింది. మొదటి అక్షరం నొక్కితే నొప్పి, చివర సాగదీస్తే దాహం, రెండుసార్లు గబగబా అంటే దొడ్డికి. సంఘంలో సగం మందికి ఈ భాష వచ్చేసింది. శనివారాలు గుడి మగవాళ్ళు వచ్చి ఆయనను ఎత్తి, పెరట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, సీకాయ వేసి తలంటి పోసేవాళ్ళు. ఒకరోజు ఎస్తేరవ్వ ప్రార్థన చేస్తూ అలవాటుగా స్తోత్రం అంది. నాయన వెంటనే, ముక్కులోంచి సాగదీసి, అచ్చం పాత వెక్కిరింపు గొంతుతో, "స్తోత్రంమ్మ్" అన్నాడు. ఎస్తేరవ్వ కళ్ళు తెరిచి, "ఇది మాత్రం నాకు బాగా తెలిసిందిరా అప్పా, ఇన్నేళ్ళూ ఇంట్లో పండుకోని నన్ను ఇట్లనా అనేది!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నాయన సగం నోటితో నవ్వాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పటివాళ్ళు మంచివాళ్ళు కారని అనను. కిందటేడు నేను కాలు మడతపడి మంచాన పడితే స్నేహలత ఫోన్‌లో నలుగురికి చెప్పింది, పూటపూటకూ ఒకరు డబ్బా తెచ్చి ఇచ్చారు. ప్రతి డబ్బామీదా ఫ్లాట్ నంబరు. ప్రతి ఒక్కరికీ తలుపు దగ్గర థాంక్స్ చెప్పాను, డబ్బా కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని ఏదో ఒకటి వేసి తిరిగి ఇచ్చాను. రుచికేం, అమృతం. కానీ ఆ గంప బియ్యంలో ఏ పిడికెడు ఎవరిదో తెలిసేది కాదు. పలుకు తగిలితే ఇది ఫలానా వాళ్ళ రేషను బియ్యం అని తిట్టుకునే వీలు లేదు, ముద్ద మెత్తగా ఉంటే ఒకరినే పొగిడే వీలూ లేదు. వీధిలో ఎదురైన అందరికీ అమ్మ ఒకేలా నమస్కారం పెట్టేది. నాకు ఇన్నేళ్ళకు కృతజ్ఞత చెప్పాలనిపిస్తే ఎవరిని వెతికి చెప్పను? ఎస్తేరవ్వ లేదు, ఆ మగవాళ్ళలో ఒక్కరూ లేరు, ఆ సందులో ఇప్పుడు మెట్రోకు వెళ్ళేవాళ్ళ స్కూటర్లు నిలబెడుతున్నారు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసంటారు. రెండూ ఒకే మధ్యాహ్నం వచ్చాయి. అన్నం తిని పడుకున్న నాయన వాన చప్పుడుకు కళ్ళు తెరిచి, అమ్మను చూసి, "స్తోత్రం" అన్నాడు. ఆ గొంతు మాకెవరికీ తెలియదు. నొక్కడం లేదు, సాగదీయడం లేదు. పసిబిడ్డను లేపినట్టు మెత్తగా అన్నాడు. అమ్మ నీళ్ళు పట్టింది, పెదవులు తెరవలేదు. పక్కకు తిప్పింది, కాదు. కిటికీ మూసింది, తెరిచింది, నన్ను పిలిచి ఎదురుగా నిలబెట్టింది. కాదు. నేను తడుస్తూ వెళ్ళి ఎస్తేరవ్వను తీసుకొచ్చాను. ఆమె తనకు తెలిసినవన్నీ అడిగింది, ప్రతిదానికీ ఆయన రెప్పలు వాల్చకుండా చూస్తూనే ఉన్నాడు. విసుక్కోలేదు. బేరం తెగని గిరాకీకి ఇంకొక చీర విప్పినట్టు ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ అదే మాట అన్నాడు. చివరికి అలసిపోయి అనడం మానేశాడు. దీపాలు పెట్టే వేళకు వెళ్ళిపోయాడు.

సమాధుల తోటలో, మన సోదరుడు చివరి ఊపిరి దాకా స్తుతించాడని అయ్యగారు అన్నారు. నేను అమ్మ వైపు చూశాను. ఆ రోజు గుడిలో లేచినట్టే ఇప్పుడూ లేస్తుందనుకున్నాను. కదల్లేదు. కొంగు లాగి, "అమ్మా, చెప్పవా? అది స్తోత్రం కాదని చెప్పవా?" అని గొణిగాను.

"ఏమని చెప్పేది పాపా?" అంది అమ్మ. "నీల్లు కాదు, నొప్పి కాదు. ఆ పొద్దు ఆయన అడిగింది ఏందో నాకు తెలీలే. అదే అయ్యుంటాదిలే. అది కాకపోతే, ఆయన అడిగింది ఇయ్యకుండానే నేను పంపించినట్లు గదా."

అయ్యగారు ప్రార్థన ముగించారు. మట్టి తడిగా ఉంది, అందరూ తలలు వంచుకుని స్తోత్రం అన్నారు. అమ్మ కూడా అంది. ఆ గొంతులో ఆమె అడుగుతున్నదేమిటో వినాలని నేను ఊపిరి బిగబట్టి ప్రయత్నించాను. నాకు చేతకాలేదు.